పదమూడో నంబరు మేడ, పదో నంబరు నేలమాళిగ

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు మన పెద్దలు. ఇంగ్లండు దక్షిణ తీరంలో, హోవ్ ఊళ్ళోని బ్రన్స్‌విక్ స్క్వేర్‌లో ఈ సామెత పనిచెయ్యదు. సముద్రం వైపు ఖాళీ వదిలి, మిగిలిన మూడు వైపులా బారులు తీరిన ఆ ఇళ్ళన్నిటికీ ఒకటే మీగడ రంగు. ఒకే తీరున ముందుకు గుండ్రంగా ఉబ్బిన గోడలు, ఇనప కమ్మీల బాల్కనీలు, ద్వారానికి అటూ ఇటూ స్తంభాలు. ఏ ఇంట్లో రిటైరైన జడ్జిగారున్నారో, ఏ ఇంట్లో ఆరుగురు విద్యార్థులు అద్దె పంచుకుంటున్నారో రోడ్డు మీద నిలబడి చూస్తే తెలియదు. తెలియకూడదనే అలా కట్టారు.

ఈ వరసలో రెండు గుమ్మాల గురించి ఈ వ్యాసం. ఒకటి పదమూడో నంబరు. 1980ల నుంచి దీన్ని ‘రీజెన్సీ టౌన్ హౌస్’ అనే పేరుతో ఒక మ్యూజియంగా, మెల్లమెల్లగా బాగుచేస్తున్నారు. రెండోది అదే స్క్వేర్‌లో దగ్గర్లోనే ఉన్న పదో నంబరు. అందులో ఇల్లంతా కాదు, నేల కింద ఉన్న అంతస్తు మాత్రమే ఆ సంస్థ చేతిలో ఉంది. పదమూడులో దొరలు కూర్చున్న గదులు చూపిస్తారు. పదిలో ఆ దొరలకు వండిపెట్టిన వాళ్ళ గదులు చూపిస్తారు. రెండూ కలిస్తే ఒక ఇల్లు. ఈ జంటని ఒక కట్టడంగా చూసి, దాని మంచిచెడ్డలు మాట్లాడాలని నా కోరిక. వృత్తిరీత్యా నేను కట్టడాల వాణ్ణి కాను. పాత కంప్యూటర్ వ్యవస్థల్ని విప్పి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో కంపెనీలకు చెప్పి పొట్టపోసుకునే వాణ్ణి. అయితే ఈ రెండు పనులకీ ఉన్న చుట్టరికం మీరనుకునేంత దూరంది కాదు.

ఊరు ఎలా పుట్టింది

ముందు చరిత్ర కొంచెం. పద్దెనిమిదో శతాబ్దం మధ్యదాకా బ్రైటన్ జాలర్ల ఊరు. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రపు నీళ్ళలో మునిగితే, ఆ నీళ్ళు తాగితే రోగాలు పోతాయని లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. డబ్బున్న రోగులు రావడం మొదలుపెట్టారు. 1783లో యువరాజు జార్జ్ వచ్చాడు. ఆయన వెనకాలే రోగం లేని డబ్బున్నవాళ్ళూ వచ్చారు. 1801లో ఏడు వేల పైచిలుకు ఉన్న బ్రైటన్ జనాభా 1831 నాటికి నలభై వేలు దాటింది. ముప్ఫయ్యేళ్ళలో అయిదింతలకు పైగా! మన హైటెక్ సిటీ చుట్టుపక్కల భూములకి ఏం జరిగిందో చూసినవాళ్ళకి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

ఈ సంరంభంలో మనదేశం మనిషి కూడా ఒకాయన ఉన్నాడు. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ బ్రైటన్ ఒడ్డున ఆవిరి స్నానాలు, ఒళ్ళు మర్దనలు చేసే స్నానశాల పెట్టి, ఇద్దరు రాజులకు ‘షాంపూయింగ్ సర్జన్’ అనిపించుకున్నాడు. షాంపూ అన్న మాటే మనదేశంలోని ‘చాంపో’ నుంచి వచ్చింది. అంటే ఈ సముద్రతీరపు వైభోగం మొదటినుంచీ ఒకరి ఒంటి సుఖానికి ఇంకొకరి చేతి కష్టం మీద నడిచిందే. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

బ్రైటన్ పడమటి అంచున, హోవ్ గ్రామం పరిధిలో, రెవరెండ్ థామస్ స్కట్ అనే ఆయనకి విక్ ఫామ్ అనే పొలం ఉండేది. పండేది పంట అయినా, లాభం పండేది ప్లాట్లలోనే అని ఆయనకి తెలిసింది. చార్ల్స్ బస్బీ అనే ఆర్కిటెక్ట్ 1820ల మధ్యలో ఆ పొలంలో ఒక చిన్న పట్నం గీశాడు. సముద్రానికి ఎదురుగా రెండు పొడవాటి టెర్రస్‌లు, వాటి మధ్యనుంచి లోపలికి పోయే స్క్వేర్. వెనక వీధుల్లో గుర్రపుశాలలు, ఒక మార్కెట్టు. ఆ మార్కెట్టు 1828లో కట్టారు. కూరగాయల వ్యాపారం నిలబడక గుర్రపు స్వారీ నేర్పే బడి అయింది. ఇప్పుడు నాటకాలు, సంగీతం జరిగే హాలు. కట్టడం ఒకటే, బతుకులు మూడు. ఇంత చేసిన బస్బీ 1834లో చనిపోయేనాటికి దివాలా తీసి ఉన్నాడు. తూర్పు అంచున ఇలాంటి పేటే కట్టించిన థామస్ రీడ్ కెంప్ అప్పులవాళ్ళకి దొరక్కుండా 1837లో దేశమే విడిచిపోయాడు. రియల్ ఎస్టేట్ జాతకం అన్ని దేశాల్లోనూ ఒకటే!

ఇంకొక చిన్న ముక్క. వీటిని ‘రీజెన్సీ’ ఇళ్ళు అంటారు కానీ, జార్జ్ తండ్రి బదులు రాజ్యం చూసిన రీజెన్సీ కాలం 1811 నుంచి 1820 దాకానే. ఈ ఇళ్ళు కట్టేనాటికి ఆయన నాలుగో జార్జ్ రాజైపోయాడు. పేరు కాలానికి కాదు, ఒక రుచికి పెట్టింది.

ముందుగోడ చేసిన ఒప్పందం

ఈ ఇళ్ళలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించేది ఆ ఉబ్బు గోడ. స్క్వేర్ సముద్రానికి నిలువుగా లోపలికి పోతుంది. కాబట్టి అటూ ఇటూ ఉన్న ఇళ్ళ కిటికీలు చదునైన గోడలో పెడితే ఎదురింటి కిటికీలే కనిపిస్తాయి, సముద్రం కనపడదు. గోడని విల్లులా ముందుకు వంచి అందులో మూడు కిటికీలు పెట్టేసరికి, పక్క కిటికీలోంచి ఓరగా సముద్రం కనిపిస్తుంది. వరసలో ఏ ఇంటివాడికీ పూర్తి సముద్రం రాదు, ప్రతివాడికీ ఒక పాయ వస్తుంది. అద్దె పలికేది ఆ పాయకే. అందం కోసం పెట్టినట్టుండే వంపు నిజానికి లెక్క ప్రకారం పెట్టింది. మంచి డిజైన్ అంటే నాకు ఇదే. అలంకారాన్నీ అవసరాన్నీ విడదీసి చూపించలేకపోవాలి.

రెండో తెలివి, ముందుగోడని ఒక ఒప్పందంగా చెయ్యడం. అప్పటి పద్ధతిలో ముఖం ఎలా ఉండాలో ఆర్కిటెక్ట్ గీసిన బొమ్మ ప్రకారం జరగాలి. దాని వెనకాల గదులెలా వేసుకుంటారన్నది కట్టేవాడి ఇష్టం. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ మాత్రమే ఖరారు చేసి, లోపలి ప్రోగ్రామ్ ఎవరికి తోచినట్టు వాళ్ళని రాసుకోమన్నారన్నమాట. ఈ ఇళ్ళు రెండు వందల ఏళ్ళు నిలబడ్డానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం. లోపల ఎన్ని వేషాలు మారినా బయట ఒప్పందం చెక్కుచెదరలేదు. వెనక వీధిలోకి వెళ్ళి ఇవే ఇళ్ళ వీపులు చూడండి. ఒక్కొక్కటి ఒక్కో ఎత్తు, ఒక్కో అతుకు, గొట్టాలు, పొడిగింపులు. ఒకే కుటుంబం గ్రూప్ ఫొటోలో ముందునుంచి ఒకలా, వెనకనుంచి ఒకలా ఉన్నట్టుంటుంది.

ఇక గోడలో ఏముంది? ‘పైన పటారం, లోన లొటారం’ అనే మాట ఇక్కడి గోడల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. పైన రాతిలా కనిపించేది రాయి కాదు, నున్నగా మెత్తిన గచ్చు, దానిమీద రంగు. ఈ ఊరి పాత ఇళ్ళలో ఆ గచ్చు వెనక తరచుగా ఉండేది ‘బంగరూష్’ అనే పదార్థం. చెక్క పలకల మధ్య సున్నం పోసి, అందులో ఇటుక ముక్కలు, చెకుముకి రాళ్ళు, గులకరాళ్ళు, ఒక్కోసారి చెక్కముక్కలూ, దొరికిందల్లా కలిపేవారు. గట్టిగా గొట్టంతో నీళ్ళు కొడితే సగం బ్రైటన్ కూలిపోతుందని ఇక్కడివాళ్ళ హాస్యం.

నవ్వుకోవచ్చు కానీ, ఆ సున్నం గోడకి ఒక గుణం ఉంది. అది తేమ పీల్చుకుంటుంది, మళ్ళీ గాలికి వదిలేస్తుంది. మన కోస్తాలో గుల్లసున్నాన్ని గానుగలో ఆడించి కట్టిన ఇళ్ళకీ ఇదే గుణం. తరవాతి కాలంలో ఈ గోడల మీద సిమెంటు మెత్తారు. మన ఊళ్ళలోనూ పాత సున్నపు గోడల మీద అదే చేశారు. సిమెంటు నీటిని బయటికి పోనివ్వదు. నీరు లోపల చిక్కుకుని గోడని నానబెడుతుంది.

ఈ పాఠం నేను పుస్తకంలో చదవకముందే ముక్కుతో తెలుసుకున్నాను. కాంట్రాక్టు మీద ఈ ఊరొచ్చిన కొత్తలో రెండేళ్ళు ఇలాంటి ఇంటి నేలకింది వాటాలో అద్దెకున్నాం. గోడకి ఆనించిన అట్టపెట్టెలన్నీ మెత్తబడిపోయేవి. మా ఆవిడ పెళ్ళిపట్టుచీర మడతల్లో బూజు పట్టింది. అద్దెకిచ్చిన ఏజెన్సీ వాళ్ళకి ఫిర్యాదు చేస్తే, మనిషిని పంపారు. అతను గోడ చూడలేదు, మా వంటింట్లో రైస్‌కుక్కర్ చూశాడు. “మీ వంటల్లో ఆవిరి ఎక్కువ, అదీ కారణం” అని రాసిచ్చి వెళ్ళాడు. నూట ఎనభై ఏళ్ళుగా నీళ్ళు తాగుతున్న గోడ తప్పు, రెండు నెలల క్రితం దిగిన సోనామసూరి మీద పడింది! మా ఆవిడ మాత్రం “పూర్వం ఇదే గదిలో పాతికమందికి మాంసాలు ఉడకేసేవారట కదండీ, అప్పుడు గోడకి జలుబు చెయ్యలేదా?” అంది. ఆ ప్రశ్నకి జవాబు పదో నంబరులో దొరికింది.

పైన కూర్చున్నవాళ్ళు

ముందు పదమూడో నంబరు. ఇలాంటి ఇంటికి అయిదంతస్తులు. నేల కింద వంటిల్లు. రోడ్డు మట్టంలో భోజనాల గది. మొదటి అంతస్తులో అతిథుల్ని కూర్చోబెట్టే డ్రాయింగ్ రూము. దాని పైన పడకగదులు. అన్నిటికన్నా పైన, కప్పు కింద, నౌకర్లు పడుకునే చిన్న గదులు. వాళ్ళు అన్నిటికన్నా కింద పనిచేసి, అన్నిటికన్నా పైన పడుకుంటారు. మధ్యలో దొరలు. ఇంటి ఎత్తంతా రోజుకి ఇన్నిసార్లని కొలిచింది పనిమనుషుల మోకాళ్ళే.

మొదటి అంతస్తు గదిలో అడుగు పెడితే కప్పు ఎత్తే ముందు మాట్లాడుతుంది. పొడవాటి కిటికీలు, బాల్కనీలోకి తెరుచుకుంటాయి. సముద్రపు వెలుతురు వంపు గోడ మీద ఒక పక్కనుంచి రెండో పక్కకి పొద్దంతా జరుగుతూ ఉంటుంది. ఈ గదిలో ఎవరూ పనిచెయ్యరు. ఈ గదికి పనే లేదు, చూడ్డం, కనబడ్డం తప్ప. అందుకే ఇంట్లోకెల్లా డబ్బు ఎక్కువ పోసింది ఇక్కడే.

పదమూడో నంబరు విషయంలో మెచ్చుకోవలసింది ఒకటుంది. హడావిడిగా బంగారు పూత వేసి టికెట్లు అమ్మలేదు. దశాబ్దాలుగా పని సాగుతూనే ఉంది. నేను చూసినప్పుడు కొన్ని గోడల మీద గచ్చు ఊడదీసి ఉంది, కొన్నిచోట్ల ఒకదాని కింద ఒకటి పాత రంగుల పొరలు కనిపించేలా గీకి వదిలారు. పూర్తికాని ఇల్లు చూపించడం ధైర్యమైన పని. పూర్తయిన మ్యూజియం ‘ఇది ఇలా ఉండేది’ అంటుంది. పూర్తికానిది ‘ఇలా ఉండేదని మాకెలా తెలిసిందో చూడండి’ అంటుంది. రెండోదే నిజాయితీ గల మాట.

కింద వండినవాళ్ళు

పదో నంబరుకి ముందుద్వారం నుంచి కాదు, రోడ్డు పక్కన ఇనప కటకటాల్లోంచి కిందికి దిగాలి. దీన్ని ఇక్కడ ‘ఏరియా’ అంటారు. ఇంటికీ రోడ్డుకీ మధ్య తవ్వి వదిలిన గొయ్యిలాంటి జాగా. నేలకింది గదులకి కాస్త వెలుతురు రావడానికీ, బొగ్గువాడూ పాలవాడూ దొరగారి గుమ్మం తొక్కకుండా ఉండడానికీ. చదువుతున్న మీకు ఇది కొత్తగా ఏం అనిపించదు. మన దొడ్డిగుమ్మం! మనది పెరటి వైపున ఉంటే వీళ్ళది ముందే ఉంది, కాకపోతే ఒక అంతస్తు కిందికి. మనం మనుషుల్ని ఇంటి వెనకనుంచి రమ్మన్నాం, వీళ్ళు నేల కిందనుంచి రమ్మన్నారు.

లోపల వంటిల్లు, మాంసం నిలవచేసే చోటు, సారా సీసాల గది, ఇంటి పెత్తనం చూసే ఆడమనిషి గది, నౌకర్లు తినడానికి కూర్చునే హాలు. గదుల సైజులు చూడగానే హోదాలు తెలిసిపోతాయి. పెత్తనం చేసే ఆవిడకి తనదంటూ ఒక గది. మిగతావాళ్ళందరికీ కలిపి ఒక బల్ల. కింద ఉన్నవాళ్ళంతా ఒకటి కాదు. మెట్లు అక్కడా ఉన్నాయి, కనిపించవంతే.

మా ఆవిడ ప్రశ్నకి జవాబూ ఇక్కడే ఉంది. పెద్ద పొయ్యి పొద్దున్నించి రాత్రిదాకా మండుతూ ఉంటే దాని పొగగొట్టం గాలిని లాగేస్తూనే ఉంటుంది. గోడ సున్నం ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆవిరి ఎంత పుట్టినా నిలవదు. తరవాత పొయ్యి మూసేశారు, సిమెంటు మెత్తారు, కిటికీలు బిగించారు. ఆ తరవాత అక్కడ ఎవర్ని పెట్టినా గోడ ఏడుస్తుంది. తప్పు ఉడికే అన్నంలో లేదు. ఒక పనికోసం కట్టిన గదిని, ఆ పనికి కావలసిన ఏర్పాట్లు తీసేసి, ఇంకో పనికి అద్దెకివ్వడంలో ఉంది. ఒక కట్టడం వాడకం మారినప్పుడు పాత వాడకం కోసం చేసిన ఏర్పాట్లలో ఏవి ప్రాణాధారమో తెలుసుకోకుండా పీకేస్తే ఇదే జరుగుతుంది. నా ఉద్యోగంలో నేను వారానికోసారి చెప్పే మాట ఇది. గోడ ముందు నిలబడి వినేసరికి కొత్తగా వినిపించింది.

మన మండువా లోగిలితో పోల్చి చూడకుండా ఉండలేకపోయాను. మధ్యలో ఆకాశం తెరిచి, వానని ఇంట్లోకే పిలిచి, చుట్టూ గదులు వేసిన ఇల్లు అది. అక్కడ అంతరాలన్నీ నేలమీద అడ్డంగా పరిచి ఉంటాయి. వీధి అరుగు, చావడి, మండువా, వంటిల్లు, పెరడు, ఎవరు ఎందాకా రావచ్చో గడపలు చెబుతాయి. ఇక్కడ అంతరాలు నిలువుగా పేర్చి ఉన్నాయి, మెట్లు చెబుతాయి. నిలువు ఇంట్లో పైవాడికి కిందివాడు కనపడడు, గంట తాడు లాగితే చాలు. మన అడ్డం ఇంట్లో పెరట్లో అంట్లు తోమే మనిషి దగ్గు మండువాలోకి వినిపిస్తుంది. వినిపించినా పట్టించుకోకపోవడం అనే విద్య మనం వేరుగా నేర్చుకోవలసి వచ్చింది. ఏది మేలని అడగకండి. రెండూ ఒకే పని రెండు రకాలుగా చేశాయి.

రెండిటి మధ్యా జారిపోయిన ఇల్లు

ఇప్పుడు నా అసలు అభ్యంతరం. పదమూడు, పది రెండూ మనల్ని 1820ల చివరికి తీసుకుపోతాయి. మా పనిలో దీన్ని రోల్‌బ్యాక్ అంటాం. తరవాత చేరిన మార్పులన్నీ తీసేసి, పాత వెర్షన్‌కి వెనక్కి తిప్పడం. అయితే ఆ ‘తరవాత చేరిన మార్పులు’ అనే డొక్కు సంచీలో ఏముందో ఎవరైనా చూశారా?

1841లో లండన్ నుంచి రైలొచ్చింది. అంతకుముందు గుర్రపుబండి కట్టించుకోగలిగినవాళ్ళ ఊరు, టికెట్టు కొనగలిగినవాళ్ళ ఊరయింది. విక్టోరియా రాణికి ఈ గుంపులు గిట్టక రావడం మానేసింది. రాజభవనాన్ని 1850లో ఊరివాళ్ళే కొనుక్కున్నారు. మొదటి ప్రపంచయుద్ధం తరవాత ఇంత ఇంటికి కావలసినంతమంది నౌకర్లు దొరకడం కష్టమైంది. నౌకర్లు లేకపోతే అయిదంతస్తుల ఇల్లు మెట్ల బావి తప్ప ఇంకేం కాదు. ఇళ్ళు వాటాలయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యకి వచ్చేసరికి ఈ ప్రాంతంలో బెడ్‌సిట్ల కాలం నడిచింది. ఒక్క గది, అందులోనే మంచం, గ్యాస్ రింగు, మీటరులో నాణెం వేస్తే వెలిగే హీటరు. డ్రాయింగ్ రూముని అట్టగోడతో రెండు చేసేవారు. కప్పు మీద గచ్చుతో చేసిన పూలచక్రం సగం ఒకరికి, సగం పక్కవాళ్ళకి.

ఈ కాలంలోనే ఈ ఇళ్ళు చావు అంచుదాకా వెళ్ళాయి. పక్కనే 1935లో వెల్స్ కోట్స్ కట్టిన ఎంబసీ కోర్ట్ అనే పదకొండంతస్తుల తెల్ల ఫ్లాట్ల భవనం లేచింది. సముద్రతీరం పొడుగునా పాతవి పడగొట్టి ఇలాంటివే కట్టాలని హెర్బర్ట్ కార్డెన్ అనే స్థానిక నాయకుడు గట్టిగా వాదించాడు. యుద్ధం ముగిసిన 1945లో బ్రన్స్‌విక్ ఇళ్ళని కూల్చి ఫ్లాట్లు వెయ్యాలన్న ఆలోచన హోవ్ కౌన్సిల్ ముందుకొచ్చింది. దానికి ఎదురు నిలిచి అదే సంవత్సరం రీజెన్సీ సొసైటీ పుట్టింది, ఇళ్ళు దక్కాయి. విశాఖ బీచి రోడ్డులో పెంకుటిళ్ళూ బంగళాలూ ఒక్కొక్కటే అపార్టుమెంట్లవుతుంటే మనకి అలా నిలబడ్డ సొసైటీ ఏదని మీరడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఇందులో తమాషా ఏమిటంటే, పాతవాటిని మింగడానికి వచ్చిన ఎంబసీ కోర్టే తరవాత శిథిలమై, దాన్నీ కాపాడుకోవలసి వచ్చి, 2000ల మధ్యలో బాగుచేశారు. నేటి దుష్టుడు రేపటి వారసత్వం!

ఇళ్ళు దక్కిన తరవాత ముందుగోడ ఒప్పందం చట్టమయింది. 1976 నాటి హోవ్ కౌన్సిల్ చట్టం ప్రకారం ఈ స్క్వేర్, టెర్రస్ వాళ్ళంతా అయిదేళ్ళకోసారి అదే మీగడ రంగు వేయించాలి. ఇందులో ఒక న్యాయం ఉంది, ఒక చమత్కారమూ ఉంది. దొరగారి ఒక్క జేబు మోసిన ముఖాన్ని ఇప్పుడు ఒక్కో ఇంట్లో అరడజను వాటాలవాళ్ళు మోస్తున్నారు. అందులో నేలకింద వాటావాడు కూడా ఉంటాడు. ఆ ఉబ్బు గోడ అతనికి కనిపించేది చాకిరీ గొయ్యిలోంచి తలెత్తితేనే. అయినా ఈ చట్టాన్ని నేను సమర్థిస్తాను. అందరూ కలిసి మోసే అందం కాబట్టే అది అందరిదీ అయింది. బీచికి వచ్చి ఐస్‌క్రీము తినే పిల్లాడిదీ అయింది.

కానీ ఈ కథంతా, రైలు నుంచి రంగు దాకా, నూట ముప్ఫయ్యయిదేళ్ళ కథ. ఆ ఇళ్ళు దొరల ఇళ్ళుగా బతికినదానికన్నా అందరి ఇళ్ళుగా బతికిన కాలమే ఎక్కువ. ఇక్కడికి చదువుకోవడానికొచ్చిన విద్యార్థులు, పెన్షన్ మీద బతికిన ఒంటరి ముసలివాళ్ళు, హోటళ్ళలో పళ్ళేలు కడిగినవాళ్ళు, నర్సులు, వలసవచ్చినవాళ్ళు, చివర్న మాలాంటి కాంట్రాక్టువాళ్ళు. వాళ్ళ గుర్తులు కాగితాల్లో ఉన్నాయి. జనాభా లెక్కల్లో, వీధి డైరెక్టరీల్లో ఉన్నాయి. ఈ సంస్థవాళ్ళు ఆ కాగితాలు వెతికి ఇళ్ళ కథలు పోగుచెయ్యడం మంచి పని, అది ఒప్పుకోవాలి. కానీ నేను చూసినంతలో వాళ్ళకంటూ ఒక గది లేదు. దొరకి గది ఉంది, వంటమనిషికి గది ఉంది. గ్యాస్ రింగు మీద గుడ్డు ఉడకేసుకున్నవాడి గోడ మాత్రం, ‘చారిత్రక విలువ లేని అడ్డుగోడ’.

ఈ మాటకి జవాబు నాకు తెలుసు. అట్టగోడ అందంగా ఉండదు, బస్బీ గీసిన గది అందంగా ఉంటుంది, రెండూ ఒకే చోట నిలవవు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. నిజమే. రోల్‌బ్యాక్ చెయ్యొద్దని నేననడం లేదు. ఏ ఇంజనీరూ పనికిమాలిన ప్యాచ్‌లన్నీ దాచుకోడు. కానీ రోల్‌బ్యాక్ చేసేముందు ఇప్పుడున్నదాని నకలు ఒకటి తీసి పక్కన పెట్టుకుంటాడు. పదమూడో నంబరులో గీకి వదిలిన రంగుల పొరల దగ్గర ఆ తెలివి కనిపిస్తుంది. అడుగున 1820ల రంగు, పైన పైన తరవాతి కాలాలు, అన్నీ ఒకే అడుగు గోడలో. ఆ ఒక్క చదరపు అడుగులో చేసిన న్యాయం ఒక గది మేరకి చేస్తే చాలునన్నది నా వాదన. అయిదంతస్తుల్లో ఒక్క గది. మంచం, మీటరు, సగం తెగిన పూలచక్రం. పదమూడుకీ పదికీ మధ్య జారిపోయిన మూడో ఇల్లు అక్కడ నిలబడుతుంది.

తీర్పు

విమర్శ అన్నాక తీర్పు చెప్పాలి కదా. విడిగా చూస్తే పదమూడో నంబరు మంచి గదులున్న ఇల్లు, అలాంటివి ఇంగ్లండులో చాలా ఉన్నాయి. పదో నంబరు విడిగా చూస్తే చీకటి గదుల వరస. పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాత్రం, ఒకటి రెండోదాన్ని ప్రశ్నిస్తుంది. పై గదిలో వెలుతురుకి ఖరీదు ఎంతో కింది గదికి తెలుసు. ఇంత చక్కగా ఈ మాట చెప్పే మ్యూజియం జంటలు నేను ఎక్కువ చూడలేదు. పైని చూసి కిందికి వెళ్ళమని గైడ్లు చెబుతారు. నా మటుకు నేను ముందు కిందికి దిగి, తరవాత పైకెక్కమంటాను. బొగ్గు, నీళ్ళు, భోజనం, అన్నీ అలాగే వెళ్ళాయి.

మనవాళ్ళు హోవ్ వైపు వస్తే రాజభవనం గుమ్మటాలు చూసి, ఫొటోలు దిగి, రైలెక్కేస్తారు. ఒక మైలు పడమరగా నడిచి ఈ రెండు గుమ్మాలు కూడా తొక్కండి. లోపల గోడ కనిపిస్తే అరచెయ్యి ఆనించి చూడండి. పొడిగా ఉంటే సున్నం ఊపిరి తీస్తోందన్నమాట. చెమ్మగా ఉంటే ఎవరో సిమెంటు మెత్తారు. తరవాత మన ఊరెళ్ళినప్పుడు, వాటాలుగా చీలి అమ్మకానికి సిద్ధంగా ఉన్న మండువా ఇంట్లో కూడా అదే చెయ్యి ఆనించండి. పడగొట్టేస్తారేమో, ఆపగలిగితే ఆపండి. ఆపలేకపోతే, అరుగు ఫొటో తీసినట్టే దొడ్డిగుమ్మం ఫొటో కూడా తియ్యండి. అరుగు మీద కూర్చున్నవాళ్ళ పేర్లు ఎవరో ఒకరికి గుర్తుంటాయి. దొడ్డిగుమ్మంలోంచి వచ్చినవాళ్ళ పేర్లు ఇప్పుడడక్కపోతే తరవాత అడగడానికి ఎవరూ మిగలరు.